సులోచన ఎడమ చెయ్యి

రాజ్యం,

నువ్వు వెళ్లిపోయి పద్నాలుగు నెలలు నిండాయి. ఎలా ఉన్నావని అడిగితే నువ్వే నవ్వుతావు, అందుకే అడగను. నేనైతే ఉన్నాను... పొద్దున్నే లేస్తున్నాను. అన్నం వండుకోవడం నేర్చుకున్నాను. చారు మాత్రం ఇప్పటికీ కుదరడం లేదు.

పెళ్లయిన ఇరవై ఏడేళ్లలో నీకు రాసిన ఉత్తరాలు రెండో మూడో. అవీ లలిత పుట్టినప్పుడు నువ్వు ఏలూరులో ఉంటే రాసినవి. ఇక్కడ క్షేమం, పాప బరువెంతో రాయి... అంతకుమించి ఏం రాశానో గుర్తు లేదు.

ఈ ఉత్తరం వేరు. నీతో చెప్పుకోవాల్సిన తప్పొకటి ఉంది. నాలుగు రోజులుగా కాగితం ముందేసుకుని కూర్చుంటున్నాను. అక్కడికి వచ్చేసరికి కలం ఆగిపోతోంది. మొదటి నుంచీ చెప్పుకుంటూ వస్తే దాటగలనేమో.

నువ్వు పోయాక బడి మూసేద్దామనే అనుకున్నాను. నేను హైస్కూల్లో రిటైరై అప్పటికి నాలుగు నెలలు కూడా కాలేదు. ఇరవై ఎనిమిదేళ్లు లెక్కలు చెప్పి చెప్పి గొంతు అరిగిపోయింది. పైగా నీ బడి నాకు ఎప్పుడూ బడిలా కనిపించలేదు. ఆ మాట నీకూ తెలుసు. అశోక్‌నగర్‌లో మనముండే అద్దె ఇల్లే, ముందు రెండు గదులూ వసారా... రెండున్నరేళ్ల వాళ్ల నుంచి పదేళ్ల వాళ్ల దాకా ఇరవై ముగ్గురు పిల్లలు. బెంచీ లేదు, బెత్తం లేదు, గంట లేదు. ఎవరికి తోచిన చాప వాళ్లు పరుచుకోవడం, అలమరలోంచి కావలసింది తెచ్చుకోవడం, అయ్యాక మళ్లీ అక్కడే పెట్టడం. ఒకడు చెంబులోంచి చెంబులోకి నీళ్లు పోస్తుంటాడు. ఇంకొకతి గరుకు కాగితంతో చేసిన అక్షరాల మీద వేలితో దిద్దుతుంటుంది. నువ్వేమో ఓ మూల పీట మీద కూర్చుని చూస్తుంటావు. మద్రాసులో ఏడాది పాటు నేర్చుకొచ్చిన చదువు ఇదా అని నేను ఎన్నిసార్లు ఎగతాళి చేశానో.

నువ్వు ఎప్పుడూ వాదించలేదు. “ఒక్క నిమిషం ఆగండి, తనే చేసుకుంటుంది” అనేదానివి. అంతే.

పదమూడో రోజు అయిపోయింది. లలితా అల్లుడూ విశాఖ వెళ్లిపోయారు. వెళ్లేముందు లలిత నా బట్టలన్నీ ఒక పెట్టెలో సర్ది పెట్టింది, దసరాకి వచ్చెయ్యమంది. సరేనన్నాను. మర్నాడు పొద్దున ఎనిమిదిన్నరకి వీధి తలుపు చప్పుడైంది. తీస్తే పిల్లలు. పదిహేనో పదహారో ఉన్నారు. వెనక మన బాలమణి. నువ్వుండగా ఆయాగా రోజూ వచ్చినట్టే తల దువ్వుకుని, చీర కుచ్చెళ్లు దోపుకుని వచ్చింది.

“ఇదేమిటి బాలమణీ, బడి లేదుగా” అన్నాను.

“బడి ఏడికి వోయింది సారూ? అమ్మ వోయింది గని పిల్లలు పోలేదు గద” అంది.

అప్పటికే వాళ్లు చెప్పులు విప్పి వరసగా పెట్టేశారు. చాపలు పరుచుకున్నారు. ఎవరి పని వాళ్లు మొదలుపెట్టారు. నువ్వు కూర్చునే పీట ఖాళీగా ఉంది. దాని వైపు ఎవరూ వెళ్లలేదు. నా ఇంట్లో నేను గుమ్మం దగ్గర నిలబడ్డాను, ఏం చెయ్యాలో తెలియక... అంతమంది పిల్లల మధ్య మాష్టారికి పని లేకపోవడం నా జీవితంలో అదే మొదటిసారి.

పంపించెయ్యలేకపోయాను. అలాగని నీలా కూర్చోవడమూ చేతకాలేదు. నాకు చేతనైంది చేశాను. ఆ వారంలోనే నల్లబల్ల కొనుక్కొచ్చాను. చాపలు వరసగా వేయించాను. పూసల గొలుసులు, చెక్క దిమ్మలు, బొత్తాలు పెట్టే చట్రాలు, అన్నీ బీరువాలో పెట్టి తాళం వేశాను. ఎక్కాలు అరిపించాను. నెల తిరిగేసరికి వీధి చివరికి వినపడేది మన బడి. తల్లిదండ్రులు కొందరు సంతోషించారు. ఇప్పుడు సదువు సదువు లెక్కున్నది సార్ అన్నారు. నిజం చెప్పొద్దూ, నాకూ సంతోషమే వేసింది.

పిల్లలు ఎదురు తిరగలేదు. అదే నాకు అర్థం కావాల్సింది. ఎంతమంది ఎన్నిసార్లు నీ చుట్టూ చేరి ఏదో ఒకటి అడిగేవాళ్లు! నన్ను ఒక్కరూ ఒక్క ప్రశ్న అడగలేదు...

ఇక చెప్పాలి.

సులోచన నీకు గుర్తుండకుండా ఎలా ఉంటుంది. చిక్కడపల్లి నరసింగరావు గారి అమ్మాయి. అప్పటికి అయిదున్నరేళ్లు. బుగ్గ మీద పుట్టుమచ్చ, మాట్లాడటం మొదలుపెడితే ఆపదు. ఏ పనైనా ఎడమ చేత్తోనే. వాళ్ల నాయనమ్మ ఆ అలవాటు మాన్పించమని నిన్ను రెండుసార్లు అడిగితే, “ఆ చెయ్యి దానిది పెద్దమ్మగారూ, మనది కాదు” అన్నావట. నాకు తర్వాత తెలిసింది.

నువ్వు లేవని తెలిశాక నరసింగరావు గారు నా దగ్గరికి వచ్చారు. బషీర్‌బాగ్‌లో ఆఫీసు ఆయనది. మర్యాదస్తుడు. టోపీ తీసి చేత్తో పట్టుకుని నిలబడ్డారు.

“సార్, వచ్చే ఏడు బిడ్డను నారాయణగూడ పెద్దబడిల ఎయ్యాలె. ఆడ ఎడమచెయ్యి నడ్వదంట. అమ్మగారు వద్దన్నరు గని... మీరు జర జూడుండ్రి. అయితదా?”

నేను ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు రాజ్యం. ఆ పెద్దబడి నేను పదకొండేళ్లు పనిచేసిన బడే. అక్కడ ఎంతమందిని మార్చానో. “ఎందుకు అవదు, నెల రోజుల పని” అన్నాను.

మర్నాడు నా రుమాలు తీసి సులోచన ఎడమ మణికట్టుకి చుట్టాను. ఆ రెండో కొస గౌను వెనక బెల్టుకి ముడివేశాను. నొప్పి పుట్టేంత గట్టిగా కాదు. ఆ మాట అప్పుడు నాకు నేను చెప్పుకున్నాను, ఇప్పుడు నీకు చెబుతున్నాను. ఎందుకు చెబుతున్నానో తెలియదు. పలక కుడి చేతికిచ్చాను. ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. చేతి వైపు చూసుకుంది, నా వైపు చూసింది, రాయడం మొదలుపెట్టింది.

రోజూ పొద్దున రాగానే తనే వచ్చి వెనక్కి తిరిగి నిలబడేది, ముడి వెయ్యడానికి. అది తలుచుకుంటే...

మూడో వారంలో చాప తడిపింది. బాలమణి తుడిచింది. నాలుగో వారంలో ఎక్కం అప్పజెప్పమంటే ‘రెండు’ దగ్గర ఆగిపోయింది. రె... రె... రె... అంటూ పెదవులు వణికిస్తూ నిలబడింది. వెనక వరసలో ఎవరో నవ్వారు. కూర్చోమన్నాను. ఆ తర్వాత అది మాట్లాడటమే తగ్గించేసింది.

ఆ సాయంత్రం పిల్లలు వెళ్లాక బాలమణి చీపురు పట్టుకుని నా ఎదురుగా నిలబడింది. “సారూ, పెద్దోళ్లు, మీకు చెప్పేంతదాన్ని గాను. అమ్మ ఉంటే ఇట్ల జెయ్యనిచ్చునా? పోరి నోరు వడిపాయె.” నాకు కోపం వచ్చింది. నీ పని నువ్వు చూసుకోమన్నాను. ఆమె తన పని చూసుకుంది. మర్నాడూ నా రుమాలు సులోచన చేతికి కట్టాను. కుడి చేత్తో అక్షరాలు కుదురుతున్నాయి కదా... నెల రోజుల్లో అవుతుందని మాటిచ్చాను కదా...

తర్వాత కొద్దిరోజులకే బళ్లన్నీ మూతపడ్డాయి. అరవై తొమ్మిది వచ్చీ రావడంతోనే తెలంగాణ ఉద్యమం. నువ్వు చూడలేదు. ఒకరోజు తెరిస్తే నాలుగు రోజులు బందు. మన బడీ అంతే. మన వైపు వాళ్లు కొందరు ఇళ్లు ఖాళీ చేసి కాచిగూడలో రైలెక్కి వెళ్లిపోయారు. వాళ్లతో మన బడి పిల్లలు ఆరుగురు వెళ్లిపోయారు. లలిత వారానికో ఉత్తరం రాసింది, ఇంకా అక్కడ ఏం చేస్తున్నావు నాన్నా అని. ఏం చేస్తున్నానో నాకూ తెలియదు. వేసవి వచ్చేసింది. ఇంట్లో నేనూ, గోడ గడియారమూ. అంతే.

ఒక మధ్యాహ్నం ఏమీ తోచక బీరువా తెరిచాను. అడుగున నీ నోటు పుస్తకాలు దొరికాయి, పదకొండు. పిల్లల హాజరు పుస్తకాలనుకున్నాను. తీరా చూస్తే ఒక్కో పిల్లకీ కొన్ని పేజీలు. బాగా చేసిందనో చెడగొట్టిందనో ఎక్కడా లేదు. చేసింది చేసినట్టు రాసి పెట్టావు. సులోచన పేరు వెతికాను.

‘ఈ రోజు ఎడమ చేత్తో నీళ్లు పోసింది. పదకొండు సార్లు. ఏడోసారి నుంచి ఒక్క చుక్క కింద పడలేదు. పన్నెండోసారి పొయ్యకుండా చెంబులు రెండూ తుడిచి, లోపల పెట్టి, తనలో తను నవ్వుకుంది. ఎవరి కోసమూ కాదు.’

ఆ ఒక్క పేజీ ఎన్నిసార్లు చదివానో. పదకొండుసార్లు చెంబులో నీళ్లు పోసిన పిల్లని నువ్వు కదలకుండా కూర్చుని పదకొండుసార్లూ చూశావన్నమాట! ఇరవై ఎనిమిదేళ్లలో నేను ఏ పిల్లవాణ్ణయినా అంతసేపు చూశానా? వాడి పలక చూశాను, వాడి తప్పు చూశాను. వాణ్ణి చూశానా?

నా పేరున ఏమైనా రాశావేమోనని కూడా వెతికాను, సిగ్గు లేకుండా. లేదు.

ఆ పక్కనే ఒక చెక్కపెట్టె ఉంది. ముషీరాబాద్ వడ్రంగి ఖాదర్ సాబ్ చేత చేయించావు, రంగులు వేయించావు. నాలుగేళ్ల పిల్లలు దాన్ని విప్పి మళ్లీ పేర్చుతుంటే బొమ్మల పెట్టె అనుకునేవాణ్ణి. ఆ రోజు మొదటిసారి విప్పాను. లోపల ఎనిమిది దిమ్మలు. పెద్ద ఎర్ర ఘనం ఒకటి, చిన్న నీలం ఘనం ఒకటి. ఎరుపూ నలుపూ కలిసిన పలకలు మూడు. నీలమూ నలుపూ కలిసిన సన్నని పొడుగు దిమ్మలు మూడు. మళ్లీ పెట్టెలో పేర్చబోతే ఒక పట్టాన కుదరలేదు. నేల మీద చతికిలబడి పేర్చాను, తీశాను, పేర్చాను... ఉన్నట్టుండి వెలిగింది. ఏ ప్లస్ బి హోల్ క్యూబ్. ఏ క్యూబ్ ఒకటి, బి క్యూబ్ ఒకటి, మధ్యలో మూడు, మూడు. ఎనిమిది దిమ్మలూ కలిస్తే ఒక్క పెద్ద ఘనం.

రాజ్యం, ఆ ‘మూడు’ మర్చిపోయినందుకు ఎంతమంది అరచేతులు వాయగొట్టానో లెక్క లేదు. మూడే ఎందుకొచ్చింది సార్ అని ఎవడైనా అడిగితే, సూత్రం, అంతే, కంఠస్థం చెయ్యి అనేవాణ్ణి. నిజానికి నాకూ అంతే తెలుసు. ఆ మూడు దిమ్మలు నా ఇంట్లోనే, నా బీరువాలోనే ఉన్నాయి. నాలుగేళ్ల పిల్లల చేతుల్లో ఉన్నాయి. నువ్వు ఒక్కసారైనా పిలిచి చూపించి ఉండొచ్చు కదా? లేక పిలిచావా... నేనే రాలేదా?

నువ్వు పోయాక నేను అంతదాకా ఏడవలేదు. ఆ మధ్యాహ్నం ఏడ్చాను.

మర్నాడు సాయంత్రం సులోచన వాళ్లింటికి బయల్దేరాను. బజారు మూసి ఉంది. నా యాస వింటే ఎవరేమంటారోనని లోపల జంకుగానే ఉంది. బాలమణి ఎక్కడినుంచి చూసిందో, “ఒక్కలే పోకుండ్రి సారూ, నేనొస్త” అంటూ వెంట నడిచింది. చీపురు పట్టుకుని నిలబడ్డ ఆ సాయంత్రం గురించి ఇద్దరం ఏమీ మాట్లాడుకోలేదు.

ఉద్యోగుల సమ్మె నడుస్తోంది. నరసింగరావు గారు ఇంట్లోనే ఉన్నారు. నన్ను చూసి ఆశ్చర్యపోయారు.

“రాండ్రి సార్, కూసోండ్రి. భయపడుతున్నరెందుకు? బయట గొడవలు బయటనే. మీరు మా బిడ్డ సారు.”

సులోచన తలుపు వెనక నుంచి చూస్తోంది. నన్ను చూడగానే తన చేతులు రెండూ వెనక్కి పెట్టుకుంది. ముడి కోసం...

కూర్చోలేదు. నిలబడే చెప్పాను, తప్పు నాదని. చెయ్యి కట్టకూడదని, దానివల్లే మాట పోయిందని, నువ్వు వద్దన్నది అందుకేనని.

“అమ్మగారేమో వద్దనిరి” అన్నారాయన. “మీరేమో అయితదంటిరి. ఎవరి మాట ఇనాలె మేము? పిల్లల సంగతి మీకెర్క అనుకున్నం సార్. ఇప్పుడొచ్చి తప్పైందంటున్నరు. బిడ్డ మాట మళ్ల ఎట్లొస్తది?”

ఆయన గొంతు పెంచలేదు. పెంచి ఉంటే బాగుండేది.

లోపల నుంచి నాయనమ్మ వచ్చింది. “ఆయన్నెందుకంటవురా? మొదలు వెట్టింది నేను. ఎడమ చేత్తోని బువ్వ తింటే రేపు అత్తగారింట్ల నవ్వుతరని నేనే అంటి గద” అని కొంగుతో కళ్లొత్తుకుంది. మంచినీళ్లిచ్చింది. తాగి వచ్చేశాను. దారిలో బాలమణి ఒకటే మాట అంది. “మళ్ల రేపు పోదాం సారూ.”

మర్నాడు మళ్లీ వెళ్లాను. చేతిసంచిలో నీ ఇత్తడి చెంబులు రెండు, పళ్లెం ఒకటి, కందిపప్పు కొంచెం. వాళ్ల అరుగు మీద కూర్చోవడానికి అనుమతి అడిగాను. నరసింగరావు గారు తలూపారు. సులోచనని పిలవలేదు. పళ్లెం ముందు పెట్టుకుని, నా ఎడమ చేత్తో ఒక చెంబులోంచి ఇంకో చెంబులోకి పప్పు పొయ్యడం మొదలుపెట్టాను.

ఎంత కష్టమో తెలుసా? చెంబు వణుకుతుంది. మూతి దగ్గర పెట్టాననుకుంటే అంగుళం అవతల పోస్తున్నాను. పప్పంతా అరుగు మీద. గింజ గింజా ఏరుకుని మళ్లీ పొయ్యడం. మూడుసార్లకే మణికట్టు లాగేసింది. ఆ పసిదాని చేత నెల రోజులకు పైగా కుడి చేత్తో రాయించానే...

రోజూ అయిదింటికి వెళ్లాను. వీధిలో వాళ్లు ఆగి చూసేవాళ్లు. “పప్పంత కింద వడవోస్తున్నరేంది సారూ” అని నాయనమ్మ విసుక్కునేది, తర్వాత తనే ఏరిపెట్టేది. నాలుగో రోజు సులోచన తలుపు వెనక నుంచి గడపలోకి వచ్చింది. ఆరో రోజు అరుగు చివర కూర్చుంది. నాకు పిలవాలని ఎంత ఉందో! నోటిదాకా వచ్చింది. నువ్వన్న ఆ ఒక్క నిమిషం గుర్తు తెచ్చుకుని ఆగాను. నీకది ఒక్క నిమిషమేమో, నాకు మాత్రం ఎనిమిది రోజులు పట్టింది.

ఎనిమిదో రోజు అది లేచి నా దగ్గరికొచ్చింది. నా చేతిలోంచి చెంబు తీసుకుంది. ఎడమ చేత్తో. పోసింది. ఒక్క గింజ కింద పడలేదు. చెంబు మళ్లీ నా చేతిలో పెట్టి, నా వేళ్లు సరిచేసింది.

“మె... మె... మెల్లగ” అంది.

నరసింగరావు గారు లేచి లోపలికి వెళ్లిపోయారు. ఆయన భుజాలు కదులుతున్నాయి. నేను పప్పు పోశాను, మెల్లగ.

కథల్లోలాగా ఆ రోజుతో నత్తి పోయిందని రాయాలని ఉంది. పోలేదు రాజ్యం. ఇప్పటికీ ర దగ్గర, మ దగ్గర ఆగుతుంది. అలిసిపోయిన రోజు ఎక్కువ. పాడటం మొదలుపెడితే అసలు రాదు. ఎందుకో నాకు తెలియదు. నీకు తెలిసి ఉండేదా?

వర్షాలు పడ్డాక బడి మళ్లీ తెరిచాను. పదకొండు మంది మిగిలారు. బీరువా తాళం తీసేశాను. నల్లబల్లని ఏంచెయ్యాలో తోచలేదు. పిల్లలే దాన్ని నేలమీద పడుకోబెట్టి చుట్టూ కూర్చుని బొమ్మలు గీస్తున్నారు. పెద్దపిల్లలు నలుగురు ఒక తాడు తీసుకుని, మూర మూరకీ ముడివేసి, మన ఇంటి నుంచి చిక్కడపల్లి నాలుగు రోడ్ల దాకా కొలిచొచ్చారు. ఇప్పుడు దానికి పటం వేస్తున్నారు. నేను చెప్పిన కొలత తప్పని ఋజువు చేశారు. రెండోసారి నేనూ వాళ్ల వెనక నడిచి చూశాను. తప్పే.

సులోచన పెద్దబడి సంగతి మిగిలిపోయింది. దసరా ముందు నరసింగరావు గారూ నేనూ కలిసి వెళ్లాం. హెడ్మాస్టరు నాతో పనిచేసినవాడే. అమ్మాయి ఎడమ చేత్తో రాస్తుంది, రాయనివ్వండి, అంతే నేనడిగేది అన్నాను. ఆయన నా ముఖంలోకి చూసి పెద్దగా నవ్వాడు. “మాష్టారూ, ఈ మాట అంటున్నది మీరేనా? మీ బెత్తం చూసి ఎడమచేతి వాళ్లందరూ వారంలో కుడిచేతి వాళ్లయిపోయేవాళ్లు! మీరు పెట్టిన పద్ధతే కదండీ ఇప్పటికీ నడుస్తున్నది” అన్నాడు. పాపం, మెచ్చుకోవడానికే అన్నాడు.

నేను పక్కనున్న నరసింగరావు గారి వైపు చూడలేకపోయాను. ఆ పదకొండేళ్లలో ఎంతమంది ఉంటారు రాజ్యం? కొందరి ముఖాలు గుర్తున్నాయి, పేర్లు లేవు. వాళ్లలో ఎవరి మాట ఎక్కడ ఆగిపోయిందో... ఎవరి అరుగుల మీద వెళ్లి కూర్చోను?

బయటికి వచ్చాం. నారాయణగూడ నుంచి చిక్కడపల్లి దాకా నడిచే వచ్చాం. ఇంటి మలుపు దగ్గర ఆయన ఆగారు.

“ఆ బడి వద్దు సార్. అయిదో తరగతి దాక బిడ్డ మీ దగ్గర్నే ఉంటది. అటెన్క ఏమైతదో జూద్దాం.” మళ్లీ తనే, “మీరు ఉంటరు గద?” అన్నారు.

అప్పటికే లలితకి రాసేశాను, పండగకి వచ్చేస్తున్నానని. ఇల్లు ఖాళీ చేస్తానని ఇంటాయనకీ చెప్పాను. అయిదో తరగతి అంటే ఇంకా అయిదేళ్లు. అయిదేళ్లకి నాకు అరవై దాటుతాయి. అవన్నీ ఆయనకి చెప్పొచ్చు.

“ఉంటాను” అన్నాను.

లలితకి కోపం వచ్చింది. తగ్గుతుంది.

అంతే రాజ్యం. ఇదీ జరిగింది. ఓపిక మాత్రం లేదు. ఉదయం నుంచి సాయంత్రం దాకా పదకొండు మందిని చూస్తూ, నోరు మూసుకుని కూర్చోవడం... అరిచి పాఠం చెప్పడం కంటే ఇది నాలుగింతలు కష్టం. చాప మీంచి లేవాలంటే గోడ పట్టుకోవాలి. మోకాళ్లు మాట వినవు. సాయంత్రం పిల్లలు వెళ్లాక చాలాసేపు అక్కడే గోడకి ఆనుకుని కూర్చుంటాను. లేచి దీపం వెయ్యడానికి కూడా బద్ధకం.

నిన్న అలా కూర్చున్నప్పుడు తట్టింది. నువ్వూ ఆ గోడే పట్టుకుని లేచేదానివి. పదకొండేళ్లు. ఇరవై ముగ్గురితో. లేచి వంటింట్లోకి వెళ్లేదానివి. నేను అప్పుడే బడి నుంచి వచ్చి, పడక్కుర్చీలో పేపరు తెరిచి, కాఫీ అనేవాణ్ణి. రోజంతా చాప మీద ఆడుకున్నావు కదా, నీకేం అలసట అని ఒకసారి పైకే అన్నాను. నువ్వు నవ్వి కాఫీ తెచ్చావు. ఆఖరి నెలలో కళ్లు పచ్చబడుతున్నా, “కొంచెం నీరసం, అంతే” అన్నావు. నేను నమ్మాను. నమ్మడం నాకు తేలిక కాబట్టి...

నీకు మోకాళ్లు నొప్పి పుట్టేవా రాజ్యం? నడుము లాగేదా? ఒక్కసారైనా ఎందుకు చెప్పలేదు? చెబితే మాత్రం వినేవాణ్ణా?

ఇప్పుడు అడుగుతున్నాను. ఆలస్యమైందని తెలుసు. నీకు చేసిన దానికి ఏ అరుగూ లేదు, వెళ్లి కూర్చోడానికి.

రేపు సోమవారం. కొత్తగా ఒక పిల్ల వస్తుంది, రెండున్నరేళ్లది. మొదటి రోజు కదా, ఏడుస్తుంది. ఎత్తుకోను, బుజ్జగించను, లోపలికి రమ్మని తొందరపెట్టను. గుమ్మం దగ్గర తన పక్కనే కూర్చుంటాను. ఎంతసేపైనా సరే.

ఉంటాను.

నీ
మాష్టారు